ఇరవై నాలుగు గంటల నొప్పి

అపెండిసైటిస్ అంటే నోరు తిరగని వాళ్ళు కూడా, "ఇరవై నాలుగు గంటల నొప్పి" అనగానే ఇట్టే గ్రహిస్తారు. ఆ పేరు ఎవరు పెట్టారో గాని, దానికి మన పల్లెల్లో రెండు అర్థాలు పుట్టాయి. ఇరవై నాలుగు గంటల్లో ఆపరేషన్ జరగకపోతే మనిషి దక్కడని కొందరు అనుకుంటారు. ఇరవై నాలుగు గంటలు పళ్ళు బిగబట్టి ఓర్చుకుంటే దానంతటదే పోతుందని మరికొందరు అనుకుంటారు. మొదటి రకం వాళ్ళు భయంతోనైనా బండి ఎక్కుతారు. మా దిగులంతా ఆ రెండవ రకం వాళ్ళ గురించే.

మేమిద్దరం భార్యాభర్తలం. ఒక మిషన్ ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి, పదవీ విరమణ తర్వాత సొంత ఊరు చేరుకున్నాం. మాలో ఒకరు సర్జికల్ వార్డులో నర్సు, మరొకరు ఆపరేషన్ థియేటరులో సహాయకుడు. డాక్టర్లం కాము. అయినా మా గుమ్మం ముందు చెప్పులు విడవని రోజు ఉండదు. "సిస్టరమ్మా, పిల్లవాడికి కడుపులో నొప్పి, ఒకసారి చూసి పొండి" అని రాత్రి పది గంటలకు వచ్చేవాళ్ళు, తెల్లవారుజామున వచ్చేవాళ్ళు ఉన్నారు. నూటికి తొంభై నొప్పులు అజీర్తివో, విరేచనాలవో, నులిపురుగులవో. మిగిలిన వాటి కోసమే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

మన కడుపులో కుడివైపు కింది భాగాన, చిన్నపేగు వచ్చి పెద్దపేగులో కలిసే చోట, చిటికెన వేలంత సన్నని గొట్టం ఒకటి వేలాడుతూ ఉంటుంది. దానినే అపెండిక్స్ అంటారు. ఉండుకము అని కూడా అంటారు. పొడవు సుమారు 9 సెంటీమీటర్లు. ఒక కొస మూసుకొని ఉంటుంది, రెండవ కొస పేగులోకి తెరుచుకొని ఉంటుంది. ఆ తెరిచిన మూతికి గట్టిపడిన మలం ముక్క గాని, లోపల వాచిన కండ గాని, ఒక్కొక్కసారి పురుగులు గాని అడ్డుపడితే లోపలి ద్రవం బయటకు రాదు. సూక్ష్మజీవులు పెరుగుతాయి, గొట్టం ఉబ్బుతుంది, ఉబ్బిన కొద్దీ దాని గోడకు రక్తం అందదు. రక్తం అందని కండ కుళ్ళుతుంది. కుళ్ళిన చోట చిల్లు పడుతుంది. జబ్బు నడక ఇంతే. జామకాయ గింజలు మింగితే ఈ నొప్పి వస్తుందని పిల్లల చేతుల్లోంచి జామకాయలు లాగేసే తల్లులను మేము చాలామందిని చూశాం. గింజ పోయి అందులో ఇరుక్కోవడం ఎంతో అరుదు. పిల్లలను జామకాయలు తిననివ్వండి.

ఈ నొప్పికి ఒక వరుస ఉంది. ఆ వరుస తెలిస్తే సగం తెలిసినట్లే. మొదట బొడ్డు చుట్టూ, ఫలానా చోటని వేలు పెట్టి చూపించలేని నొప్పి వస్తుంది. ఆ వెంటనే అన్నం సయించదు. ఎంత ఇష్టమైన కూర వండినా వద్దంటాడు. తరువాత ఒకటి రెండు వాంతులు. కొన్ని గంటలు గడిచాక, సాధారణంగా పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటల లోపల, నొప్పి బొడ్డు దగ్గరనుంచి కదలి కుడివైపు కిందికి, తుంటి ఎముకకూ బొడ్డుకూ మధ్యకు దిగి అక్కడ నిలిచిపోతుంది. ఇప్పుడు వేలు పెట్టి చూపించగలడు. జ్వరం వస్తే తొలినాడు 99 నుంచి 101 డిగ్రీల లోపే ఉంటుంది, ఒళ్ళు కాలిపోయే జ్వరం కాదు. గమనించండి, ముందు నొప్పి, తర్వాత వాంతి. ముందు వాంతులు, విరేచనాలు అయ్యి తర్వాత కడుపు మెలిపెడితే అది ఎక్కువసార్లు తిన్న తిండి పడక వచ్చినది. ఈ తేడాను మా వార్డులో పెద్ద డాక్టరుగారు కొత్తగా చేరిన ప్రతి నర్సుకూ మొదటి వారంలోనే నేర్పేవారు.

అయితే అందరికీ ఆ వరుస పుస్తకంలో ఉన్నట్లే నడవదు. గొట్టం కొస పెద్దపేగు వెనక్కి మడతపడి ఉంటే నొప్పి నడుములో తెలుస్తుంది. కటిభాగంలోకి వేలాడుతుంటే మూత్రం మంట, పలుచని విరేచనాలు ఉంటాయి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అని, రక్త విరేచనాలని మందులు వాడుతూ రోజులు గడిపినవాళ్ళు ఉన్నారు.

ఇంట్లో చూడదగిన గుర్తు ఒకటుంది. దానికి ఏ పరికరమూ అక్కరలేదు. దగ్గమనండి. మడమలు ఎత్తి ధబ్బున దించమనండి. పిల్లలనైతే కుడికాలి మీద ఒక్కసారి గెంతమనండి. కుడివైపు కింద చురుక్కుమని పట్టుకొని ఆగిపోతే అనుమానించాలి. మా పెద్దమ్మాయి కొడుకు తొమ్మిదేళ్ళవాడు సెలవులకు మా దగ్గరకు వచ్చినప్పుడు రాత్రి బొడ్డు దగ్గర నొప్పి అన్నాడు. తెల్లవారేసరికి కాఫీ బిస్కట్టు వద్దన్నాడు. బిస్కట్టు వద్దన్నప్పుడే మాకు అనుమానం పుట్టింది. ఆటోలో తీసుకెళ్తుంటే చెరువు కట్ట దాటాక గతుకులు మొదలయ్యాయి. ప్రతి గతుక్కీ కుడిచేత్తో కడుపు నొక్కుకొని, "తాతయ్యా, మెల్లగా పోనిమ్మను" అని ఏడ్చాడు. గతుకులు లేని చోట నిశ్శబ్దంగా పడుకున్నాడు. నొప్పి మొదలైన పద్నాలుగు గంటలకు ఆపరేషన్ అయింది. మూడవనాటికి ఇంటికి వచ్చి కారంబోర్డు ఆడాడు.

ఇది మా ఇంటి ముచ్చటే కాదు. ఇంగ్లండులో ఒక ఆసుపత్రి డాక్టర్లు, కడుపునొప్పితో వచ్చిన వాళ్ళను "దారిలో స్పీడ్ బ్రేకర్లు దాటేటప్పుడు నొప్పి పెరిగిందా" అని అడిగి లెక్క కట్టి, 2012లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. అపెండిసైటిస్ అని తేలిన 34 మందిలో 33 మంది పెరిగిందనే చెప్పారు. వేరే కారణాలతో నొప్పి వచ్చినవాళ్ళకు కూడా కుదుపుకు నొప్పి పెరగవచ్చు గనుక, గతుకుల దగ్గర ఏడ్చిన ప్రతివాడికీ ఆపరేషన్ అవసరమని కాదు. కాని డాక్టరు దగ్గర ఈ ముక్క తప్పక చెప్పండి. మన రోడ్ల పుణ్యమా అని ఈ పరీక్ష మనకు ఉచితంగానే జరుగుతుంది.

ఇక మన ఇళ్ళలో జరిగేది ఏమిటి? గ్యాస్ పట్టిందని సోడా తాగిస్తారు. వేడి చేసిందని మజ్జిగ ఇస్తారు. వాము నమిలిస్తారు, బొడ్డు మీద ఇంగువ పట్టు వేస్తారు. వీటివల్ల పెద్ద హాని లేదు, పోయేది కాలమే. హాని చేసేవి వేరే ఉన్నాయి. ఆముదం తాగించడం, విరేచనాల మాత్రలు వేయడం, ఎనీమా ఇవ్వడం. వాచిన గొట్టం ఉన్న కడుపులో పేగులను బలవంతంగా కదిలిస్తే అది పగలడానికి తోవ చేసినట్లే. "పేగు మెలిపడింది" అని కడుపు తోమేవాళ్ళ దగ్గరకు తీసుకుపోవడం, వేడినీళ్ళ సంచితో కాపడం పెట్టడం, వాతలు వేయించడం కూడా అంతే. ఏదో ఒకటి చేస్తేనే ప్రేమ ఉన్నట్లు మన పెద్దవాళ్ళకు ఒక భావం. ఈ నొప్పి దగ్గర మాత్రం నోటికి ఏమీ ఇవ్వకుండా, కడుపు మీద చెయ్యి వేయకుండా, మోకాళ్ళు ముడిచి పడుకోనిచ్చి బండి పిలవడమే ప్రేమ.

ఊళ్ళో సూది వేయించుకోవడం గురించి కూడా ఒక మాట. నొప్పికి మందు ఇవ్వడం తప్పు కాదు. ఆసుపత్రిలో డాక్టరు పరీక్ష చేసి ఇచ్చినప్పుడు దానివల్ల జబ్బు కనిపెట్టడం దెబ్బతినదని ఇప్పుడు తెలిసింది. చిక్కు ఎక్కడంటే, ఊళ్ళో సూది పడగానే నొప్పి సద్దుమణుగుతుంది, బండి మాట వెనక్కిపోతుంది, "రేపు చూద్దాం" అంటారు. ఆ రేపు ఖరీదు చాలా ఎక్కువ.

అసలు చెప్పదలచినది ఇక్కడ ఉంది. ఉబ్బిన గొట్టంలో ఒత్తిడి వల్లనే నొప్పి అంతగా ఉంటుంది. చిల్లు పడి చీము బయటకు పోగానే ఆ ఒత్తిడి పోతుంది. కొందరిలో నొప్పి ఒక్కసారిగా తగ్గిపోతుంది. రోగి లేచి కూర్చుంటాడు, జావ తాగుతానంటాడు. ఇల్లంతా ఊపిరి పీల్చుకుంటుంది. ఆ కొన్ని గంటలే అన్నిటికన్నా ప్రమాదకరమైనవి. తగ్గింది నొప్పి మాత్రమే, జబ్బు కాదు. గొట్టంలో ఉన్న చీము ఇప్పుడు కడుపంతటికీ పాకుతున్నది.

మన కడుపు లోపలి గోడకూ, పేగులన్నిటికీ చుట్టి ఒక సన్నని పొర ఉంటుంది. దాని పేరు పెరిటోనియం. మడతలన్నీ విప్పి పరిస్తే ఇంచుమించు మన ఒంటిమీది చర్మమంత వైశాల్యం ఉంటుంది. ఆ పొరకు చీము తగిలి వాస్తే దానిని పెరిటోనైటిస్ అంటారు. అంత పెద్ద పొర గనుక విషం రక్తంలోకి త్వరగా ఎక్కుతుంది. కొందరిలో పేగులమీద వేలాడే కొవ్వు తెర వచ్చి పగిలిన చోటును చుట్టి గడ్డకట్టిస్తుంది. ఆ తెరను శస్త్రవైద్యులు కడుపుకు పోలీసువాడు అని ముద్దుగా పిలుస్తారు. చిన్నపిల్లల్లో ఆ తెర పలుచగా, పొట్టిగా ఉంటుంది గనుక చీము కడుపంతా తేలికగా పాకుతుంది.

2013 మార్చిలో మా సంఘంలో జరిగిన సంగతి చెప్తాం. పదవ తరగతి చదివే అబ్బాయి. తండ్రి హైదరాబాదులో తాపీపనికి పోయాడు, తల్లి కూడా అక్కడే. నాయనమ్మ దగ్గర ఉండి చదువుకుంటున్నాడు. శుక్రవారం పగలు నొప్పి వచ్చింది. ఊళ్ళో వైద్యం చేసే ఆయన రెండు పూటలా సూదులు వేశాడు. శనివారమంతా నొప్పితోనే గడిచింది. ఆ రాత్రి నాయనమ్మ, చుట్టుపక్కల నలుగురు స్త్రీలు మంచం చుట్టూ మోకరించి తెల్లవార్లూ ప్రార్థన చేశారు. తెల్లవారుజామున నొప్పి తగ్గిపోయింది. ఆదివారం ఆరాధనలో ఆమె లేచి, చీర కొంగు నెత్తిమీద వేసుకొని, మనవడికి నొప్పి తీసివేసినందుకు కన్నీళ్ళతో స్తుతులు చెల్లించింది. సంఘమంతా ఆమేన్ అన్నది.

శుక్రవారం మొదలైన నొప్పి ఆదివారం తెల్లవారి ఒక్కసారిగా తగ్గిందనే మాట మా ఇద్దరి చెవుల్లోనూ ఒకే విధంగా పడింది. ఆరాధన ముగియగానే ఇంటికి కూడా వెళ్ళకుండా అక్కడికి పోయాం. కుర్రవాడు మంచం మీద మోకాళ్ళు ముడుచుకొని కట్టెలాగా పడుకొని ఉన్నాడు. మూత్రపిండంలో రాయి ఉన్నవాడు నొప్పికి దొర్లుతాడు, కూర్చుంటాడు, లేస్తాడు. పెరిటోనైటిస్ ఉన్నవాడు కదలడు. కదిలితే ప్రాణం పోయినంత నొప్పి. పలకరిస్తే కళ్ళు మాత్రం తిప్పాడు. నాలుక ఎండిపోయింది. నాడి నిమిషానికి 130. కడుపు మీద చెయ్యి ఆనిస్తే చెక్కలాగా బిగిసి ఉంది. ముందురోజు మధ్యాహ్నం నుంచి మూత్రానికి పోలేదన్నాడు.

"నొప్పి తగ్గింది గదమ్మా, పొద్దున్న జావ కూడా తాగాడు" అన్నది నాయనమ్మ. పరిస్థితి చెప్పి బండి పిలుస్తామంటే ఆమె గుమ్మానికి అడ్డంగా కూర్చున్నది. "సిస్టరమ్మా, పొద్దున అందరిముందు సాక్ష్యం చెప్పి సాయంత్రం ఆసుపత్రికి తీసుకుపోతే నేను అబద్ధమాడినట్లు కాదా? నమ్మలేదని కాదా?" అన్నది. ఆమె మొండితనంతో అన్నది కాదు. ఆ మాటకు మా దగ్గర సమాధానం లేక కాదు గాని, ఆ సమయంలో మేము చెప్పవలసిన సమాధానం కాదది. అయ్యగారికి కబురు పెట్టాం. ఆయన అన్నం ముందునుంచి లేచి వచ్చారు. వాదించలేదు. ఆమె పక్కన నేలమీద కూర్చొని, "అమ్మా, నువ్వు చెప్పిన సాక్ష్యం నిజమే. నీ మనవడిని ఇంతవరకు బతికించి సిస్టరమ్మగారిని నీ ఇంటికి పంపింది ఎవరు? పద, నేను కూడా బండెక్కుతాను" అన్నారు. ఆమె లేచి చెంబు, దుప్పటి సర్దుకున్నది.

పట్నం పెద్దాసుపత్రి నలభై కిలోమీటర్లు. ఆ రాత్రే కడుపు తెరిచారు. లీటరు పైగా చీము తీసి, ఉప్పునీటితో కడుపంతా కడిగి, గొట్టం పెట్టారు. పద్నాలుగు రోజులు అక్కడే ఉన్నాడు. కుట్లు చీము పట్టి మళ్ళీ విప్పి మాన్పవలసి వచ్చింది. పరీక్షలు పోయాయి. తల్లిదండ్రులు పని మానుకొని వచ్చారు. ఆపరేషనుకు డబ్బు తీసుకోకపోయినా, బయట కొన్న మందులకు, తిండికి, రాకపోకలకు పాలిచ్చే గేదెను అమ్మారు. తర్వాత సప్లిమెంటరీ పరీక్షలు రాసి పాసయ్యాడు. శుక్రవారం రాత్రే తీసుకుపోయి ఉంటే మా మనవడిలాగే మూడు రోజుల పని. నాయనమ్మను మేము తప్పు పట్టం. నొప్పి తగ్గితే జబ్బు తగ్గినట్లే అని ఎవరైనా అనుకుంటారు. తెలిసినవాళ్ళు చెప్పకపోతే ఆమెకు ఎలా తెలుస్తుంది?

ఇది చదువులేని పల్లెలకే పట్టిన బెడద అనుకోకండి. మనలను పాలించిన ఏడవ ఎడ్వర్డ్ రాజుగారికి 1902 జూన్ 26న పట్టాభిషేకం జరగవలసి ఉంది. విదేశీ రాజులంతా లండను చేరుకున్నారు. రాజుగారు కడుపునొప్పితో పట్టాభిషేకం అయ్యాకే ఏమైనా చేయించుకుంటానని పట్టుబట్టారు. చివరకు జూన్ 24న బకింగ్‌హాం రాజభవనంలోనే ఫ్రెడరిక్ ట్రీవ్స్ అనే డాక్టరు చీముగడ్డ కోసి తీశారు. పట్టాభిషేకం ఆగస్టు 9న జరిగింది. ఆ ట్రీవ్స్ గారి సొంత కుమార్తె అంతకు రెండేళ్ళ ముందు, 1900లో, ఇదే జబ్బుతో చనిపోయింది. 1926లో అమెరికాలో హూడినీ అనే పేరుమోసిన ఇంద్రజాలికుడు విపరీతమైన జ్వరంతోనే ప్రదర్శన ఇచ్చి, ఆ తర్వాత గాని ఆపరేషనుకు ఒప్పుకోలేదు. అపెండిక్స్ అప్పటికే పగిలింది. వారం రోజులకు పోయాడు. అప్పటికి పెన్సిలిన్ కూడా లేదు. ఈనాడు మనకు మందులున్నాయి, మత్తు ఇచ్చే డాక్టర్లున్నారు. లేనిదల్లా త్వరగా కదలడం.

గుర్తులు మోసం చేసేది ముగ్గురిలో. అయిదేళ్ళలోపు పిల్లలు ఎక్కడ నొప్పో చెప్పలేరు. ఏడుపు, పాలు వద్దనడం, కాళ్ళు ముడుచుకోవడం, కడుపు ఉబ్బడం మాత్రమే కనిపిస్తాయి. ఈ వయసులో జబ్బు తెలిసేసరికే ఎక్కువమందిలో పగిలిపోయి ఉంటుంది. రెండవవారు వృద్ధులు. జ్వరం పెద్దగా రాదు, కడుపు బిగుసుకోదు. మా వార్డుకు వచ్చిన డెబ్బై ఎనిమిదేళ్ళ అవ్వ "రెండు రోజులుగా అన్నం సయించడం లేదు నాయనా" అన్నదే గాని నొప్పి అనే మాట అనలేదు. కడుపు తెరిస్తే నిండా చీము. మూడవవారు గర్భిణులు. నెలలు నిండే కొద్దీ గర్భసంచి అపెండిక్స్‌ను పైకి నెడుతుంది గనుక నొప్పి పక్కటెముకల కింద దాకా పోవచ్చు. కడుపుతో ఉన్న పిల్లకు ఆపరేషనా అని ఇంట్లో వెనకాడతారు. గొట్టం పగిలితేనే బిడ్డకు ఎక్కువ ప్రమాదం.

పెళ్ళైన స్త్రీకి నెల తప్పి, కింది కడుపులో నొప్పి వచ్చి, కళ్ళు తిరిగి పడిపోతుంటే అది గర్భం సంచిలో కాక గొట్టంలో నిలిచి పగలడం కావచ్చు. అక్కడ గంటలు కాదు, నిమిషాలు లెక్క. తోడికోడళ్ళ ముందు, మగవాళ్ళ ముందు నెల తప్పిన మాట చెప్పడానికి సిగ్గుపడతారు. నర్సు చెవిలోనైనా చెప్పండి.

కడుపు పొర వాపుకు అపెండిక్స్ ఒక్కటే కారణం కాదు. టైఫాయిడ్ జ్వరం రెండు మూడు వారాలు నడిచి, ఉన్నట్టుండి కడుపునొప్పి, ఉబ్బరం వస్తే పేగుకు చిల్లు పడిందేమో చూడాలి. కీళ్ళ నొప్పులకు, నడుము నొప్పికి అంగట్లో మాత్రలు కొని నెలల తరబడి మింగేవాళ్ళకు జీర్ణకోశంలో పుండు పడి అది చిల్లు పడవచ్చు. అలాంటప్పుడు కత్తితో పొడిచినట్లు పై కడుపులో ఒక్కసారి నొప్పి లేస్తుంది, ఎప్పుడు మొదలైందో గడియారం చూసి చెప్పగలరు. నాట్ల కాలంలో ఆ మాత్రలు పప్పుబెల్లాల్లా మింగుతున్నారు మన ఆడవాళ్ళు. కారణం ఏదైనా, కడుపు చెక్కలా బిగిసినా, పచ్చని పసరు వాంతి అవుతున్నా, గాలి కూడా కిందికి పోకపోయినా, మూత్రం తగ్గినా, మనిషి మాట తడబడుతున్నా ఊళ్ళో ఒక్క గంట ఉంచకూడదు.

2005 ఆగస్టు నుంచి మనకు 108 బండి ఉంది. ఫోను చేసేటప్పుడు ఊరిపేరుతో పాటు గుడో, బడో, చర్చో ఆనవాలు చెప్పండి. మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆపరేషన్ జరగదు. శస్త్రవైద్యుడూ, మత్తు డాక్టరూ ఉన్న ఏరియా ఆసుపత్రికో, జిల్లా ఆసుపత్రికో నేరుగా పొండి. ఆధార్, రేషను కార్డు, బీపీకి, చక్కెర వ్యాధికి వాడే మందుల పొట్లాలు, ఊళ్ళో వేసిన సూదుల పేర్లు వెంట ఉండాలి. చివరిసారి ఏమి తిన్నాడో, ఎన్ని గంటలకో ఒక కాగితం మీద రాసుకోండి. మత్తు ఇచ్చే డాక్టరు మొదట అడిగేది అదే. 2007లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం పేర్లు మారినా రెండు రాష్ట్రాల్లోనూ నడుస్తున్నది. ఏ ఆపరేషను ఏ ఆసుపత్రిలో ఆ పథకం కిందికి వస్తుందో ఆసుపత్రిలోనే కనుక్కోండి. దానికోసం ఊళ్ళో కూర్చొని ఆరా తీయకండి.

అక్కడ రక్తంలో తెల్లకణాలు లెక్కిస్తారు, మూత్రం చూస్తారు, కడుపు స్కానింగు తీస్తారు. స్కానింగులో ఏమీ కనిపించలేదంటే జబ్బు లేనట్లే అని లేచి వచ్చేయకండి. అపెండిక్స్ కొందరిలో అల్ట్రాసౌండుకు కనిపించదు. డాక్టరు కొన్ని గంటలు ఉంచి మళ్ళీ మళ్ళీ కడుపు తాకి చూస్తానంటే, "ఏమీ చేయడం లేదు, ఊరికే పడుకోబెట్టారు" అని విసుక్కోకండి. అలా చూడటం కూడా వైద్యమే. అనుమానం తీరకపోతే సీటీ స్కాన్ రాస్తారు.

ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు, కోయకుండా మందులతోనే తగ్గుతుందట గదా అని. అబద్ధం కాదు. అమెరికాలో 1552 మంది మీద జరిపి 2020లో ప్రకటించిన పరిశోధనలో, యాంటీబయాటిక్స్ మాత్రమే ఇచ్చినవారిలో పదిమందికి ముగ్గురికి మూడు నెలల్లోపే ఆపరేషన్ అవసరమైంది. గొట్టంలో గట్టి మలం ముక్క ఉన్నవారిలో పదికి నలుగురు. ఫిన్లాండులో అయిదేళ్ళు గమనిస్తే పదిమందికి నలుగురు చివరకు ఆపరేషను బల్ల ఎక్కవలసి వచ్చింది. వాళ్ళందరూ ఆసుపత్రిలో పరీక్షలు చేసి పగలలేదని నిర్ధారించిన తర్వాత మందులు తీసుకున్నవాళ్ళు. నొప్పి తిరగబెడితే గంటలో ఆసుపత్రి చేరుకోగలవాళ్ళకు ఆ దారి గురించి డాక్టరుతో మాట్లాడవచ్చు. వానాకాలంలో వాగు పొంగితే రెండు రోజులు ఊరు దాటలేని మనవాళ్ళకు ఆపరేషనే మేలని మా అభిప్రాయం. మందుల షాపులో కొన్న నాలుగు బిళ్ళలకూ ఆ పరిశోధనకూ ఏ సంబంధమూ లేదు.

ఆపరేషన్ ఇప్పుడు రెండు విధాలు. కుడివైపు చిన్న కోత పెట్టి తీసేది పాత పద్ధతి. మూడు చిన్న రంధ్రాలు చేసి గొట్టాలతో చూస్తూ తీసేది కొత్తది. దానిని 1980లో జర్మనీలో కుర్ట్ సెమ్ అనే డాక్టరు మొదట చేశారు. రెండూ మంచివే. చేతిలో ఉన్న సర్జనుకు ఏది బాగా వచ్చో అదే మంచిది.

ఆపరేషన్ తర్వాత కింది నుంచి గాలి పోయిందా అని డాక్టరు అడిగితే నవ్వకండి. పేగులు మళ్ళీ కదులుతున్నాయనడానికి అది గుర్తు. వాళ్ళు చెప్పేదాకా కొబ్బరినీళ్ళు కూడా పట్టించకండి. మరునాడే లేపి నడిపించండి. చూడవచ్చిన వాళ్ళంతా మంచం మీద కూర్చోవద్దు. ఇంటికి వచ్చాక పెద్ద కోత అయితే నాలుగు నుంచి ఆరు వారాలు బిందెలు, బస్తాలు ఎత్తకూడదు. జ్వరం తిరిగి వచ్చినా, కుట్టు ఎర్రబడి చీము కారినా, జిగురు విరేచనాలు, ఎక్కిళ్ళు ఆగకపోయినా కడుపులో ఇంకా చీము మిగిలిందేమో చూపించుకోవాలి. వారం తర్వాత కూడా రావచ్చు. పత్యం పేరుతో ఉత్త కారం అన్నం పెట్టి నెలల తరబడి పప్పు, గుడ్లు, పెరుగు మాన్పించవద్దు. గాయం మానడానికి అవే కావాలి.

ఇంకొకటి. తీసిన అపెండిక్స్‌ను పరీక్షకు పంపుతారు. ఎప్పుడో ఒకరిలో అందులో చిన్న కంతి ఉన్నట్లు ఆ రిపోర్టులోనే బయటపడుతుంది. కుట్లు మానాయి గదా అని దాని కోసం మళ్ళీ పట్నం వెళ్ళేవాళ్ళు తక్కువ. రిపోర్టు ఎన్నాళ్ళకు వస్తుందో, ఏ గదిలో ఇస్తారో డిశ్చార్జి రోజునే అడిగి, ఆ చీటీ వెనుక రాయించుకోండి.